మోటారు సైకిలునకు వెనుక పాదపీఠముల నమర్చు విధము

కారు నడుపువాడు కుర్చీలో కూర్చుండి చక్రమును త్రిప్పును. మోటారు సైకిలు నడుపువాడట్లు కాదు. అతడు తన బరువును ఆసనముమీదను, చేతులమీదను, పాదములమీదను పంచి, దాని నిటునటు మార్చుచు వాహనమును మలుపులందు వంచుచుండును. ఈ మూడు తావులలో జనులు మిక్కిలి తక్కువగా గమనించునది పాదములుండు చోటు. ఫుట్‌రెస్టని మనము వాడుకగా పిలుచు ఆ పాదపీఠమును గూర్చియు, దానిని వెనుకకును పైకిని జరుపు రియర్‌సెట్టు అను పరికరమును గూర్చియు ఇందు వివరింపదలచితిని. నేడు మన యువకులనేకులు ఈ పరికరమును విడిగా కొని తమ వాహనములకు బిగించుకొనుచున్నారు. దాని అమరికలోని లోపము బ్రేకునే పాడుచేయగలదు గనుక, ఈ విషయము విద్యార్థులును తలిదండ్రులును కూడ తెలిసికొనదగినది.

రియర్‌సెట్టనగా పాదపీఠము మాత్రమే కాదు. ఎడమ ప్రక్క గేరు పెడలును, కుడి ప్రక్క బ్రేకు పెడలును, వాటిని మోయు లోహపు పలకలును, కడ్డీలును చేరినదే రియర్‌సెట్టు. పాదము జరిగినచో పాదముతో పనిచేయు పెడళ్లును దానితోకూడ జరుగవలెను గదా!

ఇది పుట్టినది పందెముల కొఱకు. పందెగాడు గాలి తాకిడిని తప్పించుకొనుటకు హ్యాండిలును క్రిందికి దించి ముందునకు వంగును. అప్పుడు పాదములు ముందుండినచో నడుము విఱిచినట్లుండును. వెనుకకుండినచో శరీరము కుదురుకొనును. ఇంగ్లాండులో 1950వ సంవత్సరము తరువాతి కాలమున యువకులీ పద్ధతిని సాధారణ మార్గములమీదికి తెచ్చిరి. లండను నగరమున 1938లో తెఱవబడి 1969లో మూతపడిన ఏస్ కేఫ్ వంటి ఫలహారశాలలయొద్ద వారు కూడుచుండిరి గనుక, అట్టి బండ్లకు కేఫ్ రేసరులని పేరు కలిగెను. 2001లో ఆ ఏస్ కేఫ్ మరల తెఱవబడినది. రాయల్ ఎన్‌ఫీల్డు వారు 1964లో వెలువరించిన 250 సి.సి. కాంటినెంటల్ జి.టి. కర్మాగారమునుండియే వెనుక పాదపీఠములతో వచ్చినది. అదే పేరుతో 650 సి.సి. బండి 2018లో మన దేశమున విడుదలయైనది.

దీనివలని లాభమును లెక్కతో చూతము. బండి మలుపున వంగినప్పుడు పాదపీఠపు కొన నేలను తాకు కోణమును త్రికోణమితి చెప్పగలదు. చక్రముల మధ్యరేఖనుండి పాదపీఠపు కొన 300 మి.మీ. దూరమునను, నేలనుండి 300 మి.మీ. ఎత్తునను ఉన్నదనుకొనుడు. ఎత్తును దూరముచే భాగింపగా 1 వచ్చును. అది 45 డిగ్రీల టాన్‌జెంటు. పీఠమును 30 మి.మీ. పైకెత్తినచో భాగఫలము 1.1 అగును, కోణము సుమారు 47.7 డిగ్రీలు. అనగా అంత శ్రమకు లభించినది మూడు డిగ్రీలకు లోపే. టైరు వెడల్పును, స్ప్రింగులు క్రుంగుటను లెక్కింపలేదు గనుక నిజమైన కోణములు వేఱుగా నుండును, కాని సూత్రమిదియే.

ఆ మూడు డిగ్రీలు పందెపు బాటలో విలువగలవే. ఊరి రోడ్డుమీద వాటి అవసరమేమి? 50 మీటర్ల వ్యాసార్ధముగల మలుపున 45 డిగ్రీలు వంగవలెనన్నచో గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగముతో పోవలెను. ఇసుకయు, గుంతలును, అడ్డము వచ్చు పశువులును గల మన మార్గములందు ఆ మలుపున అట్టి వేగము వివేకుల పని కాదు. మఱియు మోకాళ్లు అధికముగా ముడుచుకొనుటవలన దూరప్రయాణమున నొప్పి పుట్టును. వేగముగా పోవునప్పుడు ఎదురుగాలి ఱొమ్మును కొంత మోయును. నెమ్మదిగా పోవునప్పుడు ఆ బరువంతయు మణికట్లమీద పడును. కావున పాత పీఠము అనుకూలింపనివారికి మాత్రమే ఇది సుఖము. అందము కొఱకు మాత్రమే కొనువారికి ఆ సుఖము లేదు.

అమర్చదలచువాడు మొదట చూడవలసినది చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భేదించునట్లు వాహనమును మార్చరాదని విధించుచున్నది. 1989 నాటి కేంద్ర నిబంధనలలో 123వది, వెనుక కూర్చుండువారికి పట్టుకొమ్మయు, పాదపీఠమును, వెనుక చక్రమును సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణయు ఉండవలెనని చెప్పుచున్నది. పందెపు రియర్‌సెట్టులు కొన్నిటిలో వెనుకవారి పాదపీఠమే యుండదు. చీర కట్టుకొని ఒక ప్రక్కకు కూర్చుండు తల్లికి కాలు మోపుటకు చోటు లేక, చీరచెఱగునకు కాపుదల లేక, ప్రక్కనే చైనును చక్రమును తిరుగుచుండగా, ఆ కుమారుని బండి యెంత అందముగా నుండిననేమి? ఇంటివారిని ఎక్కించుకొను బండికి అట్టి సెట్టు తగదు.

పాదపీఠము మాత్రమే మార్చువారు దాని మడతను గమనింపవలెను. అది నేలను తాకినప్పుడు పైకిని వెనుకకును మడిగిపోవలెను. మడవని పీఠము నేలకు తగిలినచో చక్రమునే నేలనుండి లేవనెత్తి బండిని పడద్రోయగలదు. కుడి ఎడమలు తాఱుమాఱు కారాదు. ఇరుసు పిన్ను జారిపోకుండ దాని క్లిప్పు సరిగా కూర్చుండవలెను.

ఇక అమరిక. తన బండి నమూనాకే తయారైన సెట్టును ఎన్నుకొనవలెను. బండిని చదునైన నేలమీద నిటారుగా కదలకుండ నిలిపి, విప్పుటకు ముందు రెండు ప్రక్కలను ఫోటో తీసికొనవలెను. విప్పిన బోల్టులను వరుసతప్పకుండ ఉంచవలెను. గేరు ఇరుసుమీద చిన్న చేయి యొకటి పండ్లతో బిగిసియుండును. దానిని లాగుటకు ముందు ఇరుసుకును చేతికిని కలిసి ఒక గీత గీయవలెను. ఆ చేయి క్రిందికి చూచుటకు మాఱుగా పైకి చూచునట్లు బిగించినచో గేర్ల వరుసయే తలక్రిందులగును. పందెగాండ్రు కొందఱు కోరియే అట్లు చేయుదురు. కాని ఎఱుగక ఆ బండినెక్కినవాడు గేరు పెంచబోయి తగ్గించును. పాత బుల్లెట్లలో గేరు కుడికాలికిని బ్రేకు ఎడమకాలికిని ఉండెడివి గనుక, వాటికి వేఱుసెట్టు కావలెను.

గేరు కడ్డీకి రెండు కొనలయందును ఎదురెదురు మరలుండును. కడ్డీని త్రిప్పగా పొడవు హెచ్చుతగ్గులగును. పెడలు ఎత్తు అట్లే సరిపడును. రెండు కొనలయందును మర సమానముగా దిగియుండునట్లు చూచి, తాళపు నట్టులను బిగింపవలెను. చేతికిని కడ్డీకిని మధ్య కోణము ఇంచుమించు లంబకోణమైనచో బలము వ్యర్థముకాదు.

బ్రేకు ప్రక్క మిక్కిలి జాగ్రత్త కావలెను. డిస్కు బ్రేకు గల బండిలో మాస్టరు సిలిండరును విప్పినప్పుడు గొట్టమును ఊడదీయరాదు, మెలిపెట్టరాదు. తీగతో మెల్లగా వ్రేలాడగట్టవలెను. పెడలు ఒక తులాదండమువంటిది. పాదమునుండి ఇరుసునకు 150 మి.మీ., ఇరుసునుండి తోపుకడ్డీకి 30 మి.మీ. అయినచో బలము 5 రెట్లగును. క్రొత్త పెడలులో మొదటి దూరము 120 మి.మీ. మాత్రమే అయినచో 4 రెట్లే. అంతే బలముతో త్రొక్కినను బ్రేకు మునుపటివలె పట్టదు. నడుపువాడు దీనికి అలవాటుపడవలెను.

తోపుకడ్డీకి కొలదిపాటి ఖాళీ తప్పక విడువవలెను. ఖాళీ లేనిచో లోపలి పిస్టను పూర్తిగా వెనుకకు రాదు. ద్రవము తిరిగిపోవు రంధ్రము మూసికొనియే యుండును. ప్యాడ్లు డిస్కును రాచుకొని వేడెక్కును. వేడికి ద్రవము వ్యాకోచించును. వ్యాకోచించినది ప్యాడ్లను మఱింత నొక్కును. తుదకు ఎవ్వరును త్రొక్కకయే చక్రము పట్టుకొనిపోవును. మార్గమధ్యమున ఇది జరుగుటకంటె అపాయమేమి కలదు? అట్లే బ్రేకు దీపపు స్విచ్చి స్ప్రింగును క్రొత్త పెడలుకు తగిలించుట మఱచినచో, వెనుకవచ్చు లారీకి మనము ఆగుచున్నామను సంగతి తెలియదు.

పలకలను బిగించునప్పుడు బోల్టులన్నిటిని మొదట చేతితో త్రిప్పి, పిమ్మట కొలతగల స్పానరుతో, తయారీదారులు చెప్పిన బలమునకు బిగింపవలెను. అల్యూమినియము మెత్తనిది, స్పానరుతో మితిమీఱి బిగించినచో మర తెగును. వణకుడుకు వదులుకాకుండ మరలకు జిగురు మందు ఒక చుక్క చాలును.

పిమ్మట పరీక్ష. వెనుక చక్రమునెత్తి చేతితో త్రిప్పవలెను. అది స్వేచ్ఛగా తిరుగవలెను. పెడలు త్రొక్కగా ఆగవలెను. విడువగా మరల తిరుగవలెను. దీపము వెలిగి ఆఱవలెను. గేర్లన్నియు పడవలెను. కిక్కు రాడ్డును ప్రక్క స్టాండును పీఠమునకు తగులరాదు. బ్రేకు గొట్టము చైనునకును, వేడి సైలెన్సరునకును దూరముగా నుండవలెను. తరువాత ఖాళీ మైదానమున నెమ్మదిగా నడిపి, డిస్కు వేడెక్కినదేమో చూచి, కొలది ప్రయాణముల పిమ్మట ప్రతి బోల్టును మరల పరీక్షింపవలెను.

విద్యార్థులారా! గేరుగల మోటారు సైకిలు నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెను. అంతవఱకు మీరు ఈ విద్యను మెకానిక్కు ప్రక్కన నిలిచి నేర్చుకొనవచ్చును. అన్నలకును తండ్రులకును బండ్లున్నవారు, ఈ సంచిక ఇంటికి చేరిన దినమున, వెనుక చక్రమునెత్తి ఒక్కసారి త్రిప్పి చూడుడు. మెఱుగుపెట్టిన పలకను చూచువారు పలువురు. దాని వెనుకనున్న బోల్టు బిగిసియున్నదో లేదో చూచువాడు ఒక్కడే. ఆ ఒక్కనిమీదనే ఎక్కినవారి ప్రాణములు ఆధారపడియున్నవి.