రాత్రి సేవ, పగలు చదువు

ఝరాసంగం వంటి మండలం నుంచి వెళ్లి నర్సింగ్ చదివిన అమ్మాయికి ఉద్యోగం దొరకగానే, 'జీతం వస్తోంది కదా, ఇంకా చదువెందుకు?' అనే మాట ఇంట్లోనే వినిపిస్తుంది. నిజానికి ఈ వృత్తిలో పని, చదువు ఒకదానికొకటి అడ్డు కావు. బి.ఎస్సీ. నర్సింగ్ తరువాత రెండేళ్ల ఎం.ఎస్సీ.లో చేరడానికి కనీసం ఒక సంవత్సరం పని అనుభవం ఉండాలన్నదే నియమం.

పక్షవాతంతోనో వార్ధక్యంతోనో మంచం పట్టినవారి సేవకు ఓర్పు ఒక్కటే చాలదు. పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మింగడం కష్టమైనవారిని కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తినిపించాలి. మాట పడిపోయినవారి బాధను ముఖంలో గుర్తించాలి. చేతులకు అలవాటైన ఈ పనుల వెనుకనున్న శాస్త్రాన్ని నేర్పేది ఉన్నత విద్య.

ఈ సేవను చిన్నచూపు చూసేవారు హజ్రత్ రుఫైదా (రజి)ను స్మరించాలి. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను మస్జిదె నబవీలోని ఆమె గుడారంలోనే ఉంచారు.

రాత్రి డ్యూటీ ముగించి తరగతికి వెళ్లే అమ్మాయి, తిరిగివచ్చి వంటింటి భారమంతా మోయవలసివస్తే ముందుగా ఆగిపోయేది చదువే. ఆమె నిద్రను, పరీక్షల సమయాన్ని కాపాడవలసిన బాధ్యత తండ్రిది, అన్నదమ్ములది. పెళ్లయితే భర్తది, అత్తమామలది కూడా.