సూరీడు ఉచితమే, నీళ్లు కాదు: సోలార్ మోటారు మాకు నేర్పిన పాఠం

"సోలార్ మోటారు పెట్టించుకోవచ్చా? మంచిదేనా?" అని చాలామంది అడుగుతున్నారు. పైన వీడియోలో మా తోట, ప్యానెళ్లు, బోరు అన్నీ చూపించాను. వీడియోలో చెప్పడానికి కాస్త మొహమాటపడిన విషయం ఒకటుంది, దాన్ని ఇక్కడ రాస్తున్నా. అది నేను చేసిన తప్పు.

మాది కదిరి వైపు. ఐదెకరాలు, రెండు నాటు ఆవులు, ఒక బోరు. ప్రకృతి సేద్యంలోకి వచ్చాక ఎరువులకు, మందులకు బజారుకు పోవడం మానేశాం. మిగిలింది కరెంటు. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని స్టార్టరు దగ్గరికి పరిగెత్తిన రోజులు నాకింకా గుర్తే. అందుకే 5 హెచ్‌పీ సోలార్ మోటారు బిగించిన రోజు మా ఇంట్లో పండగే. పొద్దున ఎండ పడగానే నీళ్లు వచ్చేవి, సాయంత్రం దాకా పోసేవి. బిల్లు లేదు, మోటారు కాలడం లేదు.

ఆశ ఎక్కడ మొదలైంది

నీళ్లు ఊరికే వస్తున్నాయి కదా అని ఆ వేసవిలో టమోటా ఇంకో ఎకరం పెంచా. అది చాలక కింది మడిలో వరి కూడా నాటేశా. మోటారు ఆపాలన్న ఆలోచనే రాలేదు. ఖర్చు లేనప్పుడు చెయ్యి స్విచ్చి మీదికి ఎందుకు పోతుంది?

నెలన్నర గడిచాక గట్టు అవతలి చిన్నాయన వచ్చి మా కొట్టం దగ్గర కూర్చున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "అబ్బీ, నీ మోటరు సూరీడు లేస్తే లేస్తాది, సూరీడు పండుకుంటే పండుకుంటాది. మా బోరే లేసేది మర్సిపోయింది."

పోయి చూశా. ఆయన బోరు గ్యాప్ ఇస్తోంది. పది నిమిషాలు పోసి ఆగిపోతోంది. చీనీ చెట్ల ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది రాతినేల. కింద నీళ్లు చెరువులా నిలిచి ఉండవు, రాతి పగుళ్లలో, మెత్తబడిన పొరలో ఉంటాయి. పక్కపక్క బోర్లంటే ఒకే కుండలో నాలుగు చెంబులు ముంచినట్టే. ఇంతకుముందు కరెంటు కోతే ఆ కుండకు మూత. సోలార్ పెట్టి ఆ మూత తీసేసింది నేనే.

చింతచెట్టు కింద నాలుగు మాటలు

నలుగురు బోరు రైతులం కూర్చున్నాం. మొదటిరోజు గొడవే అయింది. రెండోసారి లెక్కలు మాట్లాడుకున్నాం.

ఈ పద్ధతి మాకు కొత్తేమీ కాదు. 2003లో మొదలైన ఏపీఫామ్స్ ప్రాజెక్టులో, అనంతపురంతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల రైతులు వానను, బోర్ల నీటిమట్టాన్ని తామే కొలిచి, ఉన్న నీళ్లను బట్టి రబీ పంటలు ఎంచుకున్నారు. మేమూ ఆ దారే పట్టాం.

• 15 రోజులకోసారి పొద్దున్నే, మోటారు వేయకముందే, నీటిమట్టం కొలుస్తాం. సన్నటి తీగకు బరువు కట్టి దించితే నీళ్లు తగిలిన చోట తెలిసిపోతుంది. మోటారు దించేటప్పుడే పక్కన సన్న పైపు వేసుకుంటే తీగ కేబుల్‌కు చుట్టుకోదు.

• బోరు కింద వరి వద్దు. ఎకరంలో ఒక మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. వరికి 1,200 మి.మీ. అనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. కొర్రకు 350 మి.మీ. అనుకుంటే 14 లక్షలు. ఈ లెక్క విన్నాక ఎవరూ మారు మాట్లాడలేదు.

• కూరగాయలకు డ్రిప్, దాని మీద ఆచ్ఛాదన తప్పనిసరి.

• నా సోలార్ మోటారు నీళ్లు వారంలో రెండు రోజులు పైపులో చిన్నాయన చీనీ తోటకు పోతాయి. ఆ రెండు రోజులు ఆయన బోరుకు విశ్రాంతి.

మోటారు ఆపితే కరెంటు వృథా కాదా?

ఇది మంచి ప్రశ్న. మామూలు కంట్రోలరు మోటారును మాత్రమే నడుపుతుంది. యూనివర్సల్ సోలార్ పంప్ కంట్రోలరు ఉంటే అదే కరెంటుతో గడ్డి కత్తిరించే మిషన్, పిండిమర నడుపుకోవచ్చు. పెట్టించేటప్పుడు నేను ఈ మాట అడగలేదు. మీరు తప్పక అడగండి. పీఎం కుసుమ్ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం సబ్సిడీ ఇచ్చేలా నిబంధన ఉంది. మీ జిల్లాలో ఇప్పుడు ఎంత ఇస్తున్నారో కనుక్కుని దరఖాస్తు చేసుకోండి.

గుజరాత్‌లోని ఢుండి గ్రామం ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ ఆరుగురు రైతులు సహకార సంఘం పెట్టుకుని, సోలార్ మోటార్లను గ్రిడ్‌కు కలిపి, మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థకు అమ్మారు. ఆపిన మోటారు కూడా డబ్బులు తెస్తుంటే అనవసరంగా నీళ్లు తోడాలన్న ఆశ తగ్గుతుంది. మన దగ్గర కూడా రావాల్సింది ఇదే.

ఇప్పుడు మా పరిస్థితి

అంతా బాగైపోయిందని చెప్పను. నలుగురిలో ఒకాయన ఇంకా పైపు కలపలేదు. నా వరి మడి ఆ ఏడాది ఎండబెట్టుకున్నా, ఆ నష్టం నాదే. కానీ మొన్న వేసవిలో చిన్నాయన బోరు గ్యాప్ లేకుండా పోసింది. మొదటి కోత కాయలు ఒక బుట్టెడు మా కొట్టంలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఆవు పేడతో నేలను బాగుచేసుకుంటున్నాం, ఎండతో మోటారు నడుపుతున్నాం. పక్కోడి బోరు ఎండబెట్టి చేసేది మాత్రం ప్రకృతి సేద్యం కాదు.

రేపు పొద్దున మోటారు వేసేముందు మీ బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఒక్కసారి కొలిచి, తేదీ వేసి రాసిపెట్టుకోండి. పక్క రైతును కూడా పిలవండి. తీగ ఎలా దించాలో వీడియో చివర్లో చూపించాను. మళ్లీ కలుద్దాం.