ఆరోగ్య బీమా: సంతకం చేసే ముందు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు స్టడీ అవర్ ముచ్చట్లు, మెస్‌లో ఆదివారం భోజనం కబుర్లు రాద్దామనుకున్నాం. కాని మా బ్యాచ్‌లో జరిగిన ఒక సంగతి మా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

మా మిత్రుడొకడు పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే చదివాడు. వాళ్ళింట్లో మొదటి ఉద్యోగం అతనిదే. జీతం చేతికి రాగానే నాన్న పేరున 3 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాడు. నాన్నకు అప్పటికి ఆరేళ్ళుగా షుగరు. "అది రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయండి" అన్నాడు ఏజెంటు. వదిలేశాడు. రెండేళ్ళకు నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఆస్పత్రి కాగితాల్లో షుగరు ఎన్నేళ్ళ నుంచి ఉందో స్పష్టంగా రాసి ఉంది. కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. మేమంతా తలా కొంత వేసుకున్నాం. మిగిలింది ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఇప్పటికీ కడుతున్నారు.

ఇంకో బాధ ఏమిటంటే, ఆ ఇంటికి రేషన్ కార్డు ఉంది. ఆ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది. వాళ్ళు వెళ్ళిన ఆస్పత్రి మాత్రం ఆ పథకంలో లేదు. ఆ ముక్క మాలో ఎవరికీ తట్టలేదు.

మన దగ్గర ఇప్పటికే ఏముంది?

కొత్త పాలసీ కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఆరోగ్యశ్రీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దీని పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. జాబితాలో ఉన్న చికిత్సలకు, పథకంలో చేరిన ఆస్పత్రుల్లోనే ఇది వర్తిస్తుంది. కాబట్టి చేరే ముందే అక్కడి ఆరోగ్యమిత్రను కలవాలి. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పరిమితి 5 లక్షలు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు నిండిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా ఇందులో చోటిచ్చారు.

చిన్న ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నవారు జీతం చీటీలో ఇ.ఎస్.ఐ. కోత ఉందేమో చూసుకోండి. 2017 జనవరిలో దీని జీతం పరిమితిని నెలకు 21,000 రూపాయలు చేశారు. భార్యాబిడ్డలకే కాదు, మీపై ఆధారపడ్డ తల్లిదండ్రులకూ ఇందులో వైద్యం ఉంది. కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉంటే మంచిదే. కాని అందులో అమ్మానాన్నలు ఉన్నారో లేదో అడగండి. పైగా ఉద్యోగం పోతే అదీ పోతుంది.

పాలసీలో ఏం చూడాలి?

ప్రీమియం ఎంత అని అందరం అడుగుతాం. అంతకంటే ముఖ్యమైనవి నాలుగున్నాయి.

ఒకటి, వయసు. కుటుంబమంతటికీ కలిపి తీసుకునే పాలసీలో ప్రీమియం ఇంట్లో పెద్ద వయసు వారిని బట్టి లెక్కగడతారు. అందుకే అమ్మానాన్నలకు వేరుగా, మీకు వేరుగా తీసుకుంటే ఎంతవుతుందో కూడా లెక్క వేయించండి.

రెండు, గది అద్దె. 3 లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం అంటే 3,000 రూపాయల పరిమితి ఉందనుకుందాం. మీరు 6,000 రూపాయల గదిలో 5 రోజులు ఉన్నారు. గది 30,000, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు వగైరా 1,20,000, మందులు 50,000, మొత్తం 2 లక్షలు. గది పరిమితికి రెట్టింపు కాబట్టి గదికి 15,000 మాత్రమే ఇస్తారు. డాక్టరు, థియేటరు ఖర్చులో కూడా అదే దామాషాలో కోసి 60,000 ఇవ్వవచ్చు. మందులకు ఈ కోత ఉండదు. అంటే వచ్చేది 1,25,000. మన జేబు నుంచి 75,000. పాలసీ 3 లక్షలది కదా అని ధీమాగా ఉంటే ఇలా అవుతుంది.

మూడు, ఎదురుచూసే కాలం. ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు సాధారణంగా ఏమీ రాదు. ముందు నుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా నాలుగేళ్ళు ఆగాల్సి వచ్చేది. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని మూడేళ్ళకు తగ్గించారు. అందుకే జబ్బు వచ్చాక కాదు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి.

నాలుగు, మన వాటా. బిల్లులో ఇంత శాతం మీరే కట్టాలి అనే షరతు ఉందేమో, మన ఊరికి దగ్గర్లోని ఏ ఆస్పత్రుల్లో డబ్బు కట్టకుండా చేరవచ్చో ముందే తెలుసుకోండి.

ఏదీ తేల్చుకోలేకపోతే ఆరోగ్య సంజీవని అనే పాలసీ ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చింది. ఏ కంపెనీ అమ్మినా షరతులు ఒకటే, ప్రీమియమే తేడా. అందులో మన వాటా 5 శాతం. మిగతా పాలసీలను దానితో పోల్చి చూసుకోవచ్చు. వ్యక్తిగత పాలసీలపై ఉన్న 18 శాతం జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారన్నది కూడా గుర్తుంచుకోండి.

నిజమే రాయండి

షుగరు, బి.పి., పాత ఆపరేషన్లు, అన్నీ ఫారంలో రాయాలి. ఏజెంటు నింపినా సంతకం మనది. నాలుగు డబ్బులు ఎక్కువైనా, మూడేళ్ళు ఆగాల్సి వచ్చినా, ఆ తర్వాత పాలసీ నిలబడుతుంది. దాచిపెట్టిన పాలసీకి ఏళ్ళ తరబడి కట్టిన డబ్బు నీళ్ళపాలే. పాలసీ చేతికందాక 30 రోజుల్లోగా నచ్చకపోతే తిప్పి పంపవచ్చు. కనుక ఆ నెల రోజుల్లో తీరిగ్గా చదవండి. ఏటా గడువు దాటకుండా కట్టండి.

అన్నీ సరిగా ఉన్నా క్లెయిము తిరస్కరిస్తే ఊరుకోవద్దు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో న్యాయం జరగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళూ, ఇది మాకెందుకులే అనుకోవద్దు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. రేషన్ కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. అమ్మానాన్నలు ఏ మాత్రలు వేసుకుంటున్నారో, ఎన్నేళ్ళ నుంచో అడిగి ఒక కాగితం మీద రాసి ఆ కార్డుతో పాటే దాచండి. మా బ్యాచ్‌లో ఆ కాగితం ఎవరి దగ్గరా లేదు. మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు మీరే కాబట్టి, ఆ పని మీదే.