గడ్డపార దిగే ముందు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటుతుంటే వెంచర్ల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. ప్రాంతీయ రింగు రోడ్డు మాట వచ్చినప్పటి నుంచి ఇవి మరీ పెరిగాయి. ఒక ఇనుప ఫ్రేము, దానికి ఫ్లెక్సీ, నిలబెట్టడానికి రెండు పైపులు, పైపులకు రెండు గుంతలు. ఇద్దరు కూలీలు ఒక్క పూటలో ముగించే పని. ఇంత చిన్న పనికి ఎవరినైనా అడగాలా అంటే, అడగాలి.

బోర్డు నలుగురికీ కనపడాలంటే రోడ్డుకూ ప్లాటు హద్దుకూ మధ్యనున్న జాగాలో పాతుతారు. నీళ్ల పైపులు, ఫైబర్ కేబుళ్లు వేసేవాళ్లు ఎంచుకునేదీ అదే జాగా. రోడ్డును కోయనక్కర్లేదు, ఒకరి పొలంలోకి పోనక్కర్లేదు. అంటే మనం గుంత తవ్వేది ఊరికి కావలసినవన్నీ పరుచుకుని ఉన్న నేలలోనే.

ముందు నీళ్ల సంగతి. 2015 జూన్ 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాష్ట్ర తాగునీటి పథకం పైలాన్‌ను ఆవిష్కరించింది చౌటుప్పల్‌లోనే. మిషన్ భగీరథ పైలాన్ అంటే అదే. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషులున్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నల్లా పైపు అంటే మామూలు వస్తువు కాదు. అది పగిలితే జనం మళ్లీ బోరు నీళ్లకే పోవాలి. పైగా నల్లా రోజంతా రాదు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. సన్నని పగులు ఉన్నా చాలు, చుట్టూ ఉన్న మురికి నీరు లోపలికి వెళ్తుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురికే ఇళ్లకు చేరుతుంది. గుంత తవ్వినవాళ్లకు ఇది తెలియను కూడా తెలియదు.

కరెంటు మరింత ప్రమాదం. తక్కువ వోల్టేజీ భూగర్భ కేబుల్ మీద కనీసం 75 సెంటీమీటర్లు, 11 కేవీ కేబుల్ మీద 90 సెంటీమీటర్ల మట్టి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. 75 సెంటీమీటర్లంటే రెండున్నర అడుగులు. బోర్డు గుంత కూడా దాదాపు అంతే లోతు. అసలు ఆ లోతును నమ్మడానికి లేదు. వెంచర్ చదును చేసేటప్పుడు జేసీబీ ఒకచోట మట్టి గీకేసి ఇంకోచోట పోస్తుంది. మూడడుగుల లోతున వేసిన కేబుల్ ఇప్పుడు అడుగున్నర లోతులోనే ఉండొచ్చు. రాతి నేలలో కాలువ లోతుగా తవ్వడమే కష్టం. పట్టుకున్న గడ్డపార ఇనుముది, పట్టుకున్నది కూలి మనిషి.

ఇక చమురు. 2024 మార్చి 5న ప్రధాని సంగారెడ్డిలో ప్రారంభించిన పారాదీప్–హైదరాబాద్ పైప్‌లైన్ పొడవు 1,212 కిలోమీటర్లు. దాని చివరి మజిలీ చౌటుప్పల్ మండలంలోని మల్కాపూర్. ఇలాంటి లైన్లకు 1962 నాటి చట్టం వర్తిస్తుంది. భూమి రైతు పేరునే ఉంటుంది, సాగు చేసుకోవచ్చు, కానీ లైన్ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పొలం చేతులు మారి ప్లాట్లయ్యాక ఈ సంగతి కొత్త యజమానికి ఎవరూ చెప్పకపోవచ్చు. అందుకే సొంత ప్లాటులో బోర్డు పాతినా అడగాల్సిందే.

ఎవరిని అడగాలి? 2023 మార్చి 22న కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. అడ్డదిడ్డమైన తవ్వకాల వల్ల దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. ఎక్కడ తవ్వుతున్నామో యాప్‌లో నమోదు చేస్తే ఆ చుట్టుపక్కల లైన్లున్న సంస్థలకు సమాచారం పోతుంది. అయితే తన లైన్ల వివరాలు అందులో పెట్టిన సంస్థకే కదా ఆ కబురు అందేది! కాబట్టి యాప్‌తో సరిపెట్టకుండా ఊళ్లో లైన్‌మన్‌ను, నీళ్లు వదిలే మనిషిని, మున్సిపాలిటీనో పంచాయతీనో అడగాలి. నా లెక్కలో వాల్వు తిప్పే మనిషికి తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు. హైవే జాగాలో అయితే అనుమతి లేకుండా బోర్డు పాతడమే తప్పు.

అమెరికాలో ఇళ్లు అమ్మిపెట్టే మన తెలుగువాళ్లకు ఇలా తవ్వే ముందు అడగడం అలవాటైన పద్ధతి. గుంజ పాతాలన్నా ముందుగా 811కు ఫోన్ చేస్తారు. మనుషులు వచ్చి నేల మీద రంగులు వేసి పోతారు: కరెంటుకు ఎరుపు, గ్యాసూ చమురుకు పసుపు, తాగునీటికి నీలం, ఫోన్ తీగలకు నారింజ. ఫోన్ చేసినవాళ్లు పైసా కట్టనక్కర్లేదు.

మన దగ్గర రంగులు లేకపోతేనేం, ఇంటి పునాదికి పోసే ముగ్గు ఉంది. లైన్ ఎటు పోతోందో తెలిసినవాళ్లను నిలబెట్టి గీత పోయించండి. గీతకు వీలైనంత ఎడంగా బోర్డు జరపండి. పరికరాలతో వెతికించినా ఇనుప గొట్టం, కరెంటు తీగ దొరుకుతాయి గానీ ప్లాస్టిక్ పైపు అంత సులువుగా దొరకదు. అందుకని యంత్రం పెట్టకుండా పారతో పైపైన తీస్తూ పోవాలి. హెచ్చరిక టేపు, ఇసుక పొర, వరుసగా పరిచిన ఇటుకలు కనిపిస్తే కింద ఏదో ఉన్నట్టే, అక్కడితో ఆపాలి.

తగలనే తగిలితే మట్టి కప్పి వెళ్లిపోవద్దు. కరెంటు తీగైతే అందరినీ దూరంగా జరిపి 1912కు ఫోన్ చేయండి. నీళ్ల పైపైతే ఆ పూటే పంచాయతీకో మున్సిపాలిటీకో చెప్పండి, మళ్లీ నీళ్లు వదిలేలోపు బాగు చేయించవచ్చు.