పలక పక్కన సబ్బు

మన దేశంలో బడిపిల్లలకు మొదటిసారి వైద్య పరీక్షలు జరిగింది 1909లో, బరోడాలో. బడుల్లో ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని 1946లో దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ తేల్చింది. బడిపిల్లల ఆరోగ్యం, తిండి ఎలా ఉన్నాయో చూసి బాగుచేసే దారి చెప్పమని 1960లో కేంద్ర ప్రభుత్వం రేణుకా రే అధ్యక్షతన మరో కమిటీ వేసింది. ఈ చరిత్రలో చాలాకాలం పిల్లలు పరీక్ష చేయించుకునే వాళ్లే. నేర్చుకుని ఇంకొకరిని కాపాడగలరన్న ఆలోచన తర్వాత వచ్చింది.

దాన్ని 1978లో లండన్‌లో డేవిడ్ మోర్లీ అనే పిల్లల డాక్టరు, ఆయన సహచరులు 'చైల్డ్ టు చైల్డ్' పేరుతో ముందుకు తెచ్చారు. పేద ఇళ్లలో చంటిపిల్లలను చూసుకునేది అక్కలూ అన్నలే కాబట్టి వాళ్లకే నేర్పుదామన్నారు. విజయనగరం జిల్లా పల్లెల్లో టీచరుగా పనిచేసిన నాకు ఇందులో మా బడే కనిపించింది. తల్లి పొలం పనికి వెళితే, తమ్ముణ్ణి చంకనేసుకుని బడికొచ్చే ఆడపిల్లలు మా తరగతిలో ఉండేవారు.

వాళ్లతో నేను విరేచనాల పాఠం వల్లె వేయించలేదు, చేయించాను. విరేచనాలప్పుడు తాగించే నీళ్లు వాళ్లే కలిపేవారు: కాచి చల్లార్చిన లీటరు నీళ్లు, తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. పంచదార తోడుంటేనే పేగు ఉప్పునూ నీళ్లనూ బాగా పీల్చుకుంటుంది. ఉప్పు ఎక్కువైతే మాత్రం ప్రమాదం. కలిపినది తలా ఒక గుక్క రుచి చూసేవారు. కన్నీళ్లకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలిపేవారు. ఒకసారి ఐదో తరగతి పిల్ల ఒకతె వాళ్లమ్మతో, "అలా గుమ్మరించకే అమ్మా, చెంచా తలకొట్టాలి" అందట. ఆ తల్లే వచ్చి నాకు చెప్పింది.

నులిపురుగుల విషయంలోనూ నేర్పడమే ముఖ్యం. 2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుపుతున్నారు. ఆ రోజు బడిపిల్లల చేత ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. మాత్ర కడుపులో ఉన్న పురుగులను చంపుతుందే గాని, రేపు మట్టిచేతులతో అన్నం తింటే లోపలికి పోయే గుడ్లను ఆపలేదు. చెప్పుల్లేని పాదాల్లోంచి దూరే కొంకిపురుగు పిల్లలనూ ఆపలేదు. ఆపేవి సబ్బు, మరుగుదొడ్డి, చెప్పులు. మాత్ర వేసిన రోజే ఈ సంగతి చెప్పకపోతే పని సగమే అయినట్టు.

2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు ఆరోగ్య పాఠాలు చెప్పడంలో శిక్షణ ఇవ్వాలంది. మంచి నిర్ణయం. ఆ ఇద్దరికీ టైంటేబుల్లో వారానికో పీరియడ్ ఇవ్వాలి. మధ్యాహ్న భోజనం గంట కొట్టేముందు కుళాయిలో నీళ్లు, పక్కన సబ్బు ఉండాలి. అవి లేనిచోట ఎంత మంచి పాఠమైనా పరీక్షలో మార్కులకే పనికొస్తుంది.