మోటారు కారు బిళ్ల: శుద్ధి, బిగింపు

పాత ఇనుపసామానుల అంగళ్లలోను, కొన్ని ఇండ్ల అటుకులమీదను పూర్వపు మోటారు కార్ల బిళ్లలు అప్పుడప్పుడు కనబడుచుండును. కచ్చేరీ బంట్రోతు ధరించు బిళ్ల అతడు ఎవరి కొలువులో నున్నాడో తెలిపినట్లే, కారు ముందుభాగమున నుండు బిళ్ల అది ఏ కర్మాగారమున పుట్టినదో తెలుపును. కారు తుక్కైపోయినను బిళ్ల మిగులుట కద్దు. అట్టిదానిని ఇంటివద్ద శుభ్రపరచి చెక్కపలకకు బిగించు విధమును ఇచ్చట వివరింపదలచితిమి. ఉదాహరణమునకు మోరిస్ కారు బిళ్లను తీసికొందము.

ఇంగ్లండులో విలియం మోరిస్ అను నాతడు 1913లో తన మొదటి కారును తయారుచేసి దానికి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని పేరిడెను. అతని కర్మాగారము ఆక్స్‌ఫర్డ్ నగరము చెంతనే యుండెడిది. ఆ భాషలో ‘ఆక్స్’ అనగా ఎద్దు. ‘ఫర్డ్’ అని పలుకబడు భాగమునకు కాలినడకన ఏరు దాటు రేవని అర్థము. అనగా మన మాటలో అది ‘ఎద్దులరేవు’! నగర చిహ్నమునందలి ఆ ఎద్దే కారు బిళ్లమీదికిని వచ్చినది. ఎఱ్ఱని ఎద్దు నీలము, తెలుపు అలలను దాటుచుండును. మన దేశమున హిందూస్థాన్ మోటార్స్ వారు నిర్మించిన అంబాసిడరు కారునకు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణియే మాతృక. ఉత్తరపారాలో దాని నిర్మాణము 2014లో ఆగిపోయినది. కావున ఈ ఎద్దు మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఇక పని మాట. అట్టి పాత బిళ్లలలో రంగు పూతగా కనబడునది పలుమారు రంగు కాదు, గాజు. గాజుపొడిని రాగి లేక ఇత్తడి రేకుమీది పల్లములలో నింపి, సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరగించి అంటింతురు. దీనినే ఎనామెల్ అందురు. గాజు గనుక ఎండకు వెలవెలబోదు. గాజు గనుకనే రేకును వంచిన పగులును.

మన ఇండ్లలో ఇత్తడి కనబడగానే చేయి చింతపండుమీదికి పోవును. చెంబునకు అది మంచిదే. చింతపండులోని ఆమ్లము చిలుమును కరగించి లోహమును మెరిపించును. కాని ఆ ఆమ్లమే ఎనామెల్‌లో కొన్ని రంగులను మసకబార్చును. తుత్తునాగపు బిళ్లనైతే నేరుగా తినివేయును. నిమ్మకాయకును ఇదే మాట. తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతిని గమనింప ప్రార్థన. చెడిన పూతను మరల తెచ్చుట ఇంట సాధ్యము కాదు.

కావున ముందుగా లోహమేదో తెలిసికొనవలెను. అయస్కాంతము అంటుకొన్నచో ఉక్కు. అంటుకొననిచో, బిళ్ల వెనుకవైపున కనబడని చోట ఆకురాయితో ఒక్కమారు గీచి చూడుడు. పసుపురంగు తేలిన ఇత్తడి, బూడిదరంగు తేలిన తుత్తునాగపు పోత అని సామాన్యముగా అనుకొనవచ్చును. ఎనామెల్ లేని బిళ్లకు ఆర్కిమెడిస్ సూత్రము మరింత చక్కగా పనికివచ్చును. దానిని గాలిలో తూచి, దారముతో నీటిలో వ్రేలాడదీసి మరల తూచుడు. గాలిలో 84 గ్రాములు, నీటిలో 74 గ్రాములు తూగినదనుకొందము. తగ్గిన 10తో 84ను భాగింప 8.4 వచ్చును, అది ఇత్తడి. తుత్తునాగపు పోతకు సుమారు 6.7 వచ్చును. తరగతిలో కంఠస్థము చేసిన సూత్రమునకు ఇంతకన్న మంచి ఉపయోగము మాకు తోచుట లేదు.

తళతళలాడు క్రోమియపు పూత ఒక మైక్రానుకన్నను పలుచన; దాని క్రింద నికెల్ పూత యుండును. ఉప్పుకాగితముతో రుద్దిన క్రోమియము క్షణములో పోవును. తుత్తునాగముపై పూత బొబ్బలెక్కినచో తుప్పు లోపలనుండి వచ్చినదని అర్థము. దానిని రుద్ది లాభము లేదు. మరల పూత వేయుట పూతపనివారి వృత్తి. ఆ తొట్లలోని క్రోమియపు ద్రావణము విషము కాబట్టి ఇంట తలపెట్టరాదు.

శుభ్రపరచుటకు గోరువెచ్చని నీరు, రెండు చుక్కల సబ్బుద్రవము, మెత్తని పండ్ల కుంచె చాలును. మూలలలోని చిలుమును వెదురుపుల్లతో మెల్లగా తీసి, పిదప చేతులు కడుగుకొనవలెను. పాత రంగులో సీసము ఉండవచ్చును గనుక పొడిగా గీకి దుమ్ము లేపరాదు. నూలుగుడ్డతో అద్ది, ఒక రాత్రి ఆరనిండు. ఎనామెల్ పెచ్చు ఊడిన చోట మరల గాజు పోయుట మనకు సాధ్యము కాదు. రంగు కలిపిన ఎపాక్సీ జిగురును సన్నని కుంచెతో నింపవచ్చును. కాని పెచ్చు చిన్నదైనచో అట్లే విడుచుట మేలని మా మతము. ఎద్దుకు మొత్తముగా క్రొత్త ఎఱుపు పూసిన యెడల అది మన బొమ్మ యగును గాని మోరిస్ వారిది కాదు.

పలకకు టేకు గాని పనస గాని వాడుడు. వార్నీషు పూసి వారము దినములు బాగుగా ఆరనిండు. బిళ్ల వెనుక మేకుల గురుతులను కాగితముమీద దింపి, ఆ కాగితమును పలకపై పరచి, మేకుకన్న రవంత పెద్దదైన బరమాతో రంధ్రములు చేయవలెను. అనేక బిళ్లలు బానెట్ వంపునకు తగినట్లు వంగియుండును. చదునైన పలకకు అదిమి నట్టు బిగించినచో ఎనామెల్ పటుక్కున పగులును. వంపునకు సరిపడ బెండుముక్కను క్రింద ఉంచి, నట్టును వ్రేళ్లతో మాత్రమే బిగింపుడు. తుత్తునాగపు మేకులు పెళుసు, స్పానరు తగిలిన విరుగును. మేకులు లేనిచో సన్నని ఇత్తడి కొక్కెములతో అంచులను పట్టింపవలెను. జిగురు వలదు, రేపు విడదీయవలసిన రోజు రావచ్చును.

పలక వెనుక ఒక చీటీ అంటింపుడు. ఏ కారుది, ఎచట దొరకినది, ఎవరు ఇచ్చిరి, ఏయే మరమ్మతు చేయబడినది అను వివరములను తెలుగునను, మనమున్న రాష్ట్రపు భాషయందును వ్రాయుడు. చూడవచ్చు పొరుగువారికిని తెలియవలెను గదా. వంటయింటి పొగకు, నేరుటెండకు దూరముగా వ్రేలాడదీయుడు. సముద్రతీరపు ఊళ్లలోనివారు లోహభాగమునకు పలుచగా మైనము పూసి, ఆరుమాసములకొకమారు తుడిచి మరల పూయుచుండవలెను.