చేనుకాడి కుక్కను మచ్చిక చేసుకోండిలా

వేరుశనగలో ఊడలు దిగి కాయ ఊరే నాటికి అడవిపందుల బెడద మొదలవుతుంది. రాత్రి కాపలాకు పోయే రైతుకు తోడుగా ఓ కుక్క ఉంటే ఆ ధీమాయే వేరు. అది పందితో తలపడనక్కర్లేదు, పసిగట్టి అరిస్తే చాలు. ఇందుకు వేలు పోసి జాతికుక్కను కొనే పనిలేదు. మోటారు షెడ్డు చుట్టూ తచ్చాడుతూ మనిషిని చూడగానే తోక ముడిచి పరుగెత్తే ఊరకుక్క మన ఎండకు, మన తిండికి అలవాటు పడినదే. చిక్కల్లా దాని భయం పోగొట్టడంలోనే ఉంది.

రాళ్ల దెబ్బలు తిన్న కుక్క, మనిషి వంగితే రాయి తీస్తున్నాడనే అనుకుంటుంది. కాబట్టి అది రాకముందే గిన్నె పెట్టేసి, దూరంగా పక్కకు తిరిగి కూర్చోండి. పిలవొద్దు, కళ్లలోకి చూడొద్దు. రోజూ అదే వేళ, అదే చోటు, అదే గిన్నె. అది నిదానంగా తినడం మొదలెట్టాక రెండు మూడు రోజులకోసారి ఒక్కో అడుగు దగ్గరగా జరగాలి. సంగటి ముద్దో, మజ్జిగ అన్నమో, అప్పుడప్పుడు ఉడికిన గుడ్డో పెట్టవచ్చు. ఉల్లిపాయ దానికి పడదు. వండిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఎన్నాళ్లు పడుతుందంటారా? పుట్టిన 3 నుంచి 12 వారాల మధ్య మనుషుల్లో మెలిగిన కుక్క త్వరగా దగ్గరవుతుంది. ఆ వయసులో మనిషి చెయ్యి ఎరగనిదైతే నెలలు పట్టొచ్చు. కొన్ని ఎప్పటికీ చేతికి అందవు, అయినా తిండి పెట్టిన చోటు కాస్తాయి.

తొలిసారి తలమీద చెయ్యి వేయకండి. చెయ్యి కిందికి వదిలి ఉంచితే అదే వచ్చి వాసన చూస్తుంది. తర్వాత గదవ కింద నిమరవచ్చు. ఒళ్లు బిగబట్టినా, పెదవి లేపినా ఆగిపోండి. గుర్రుమంటే కొట్టకండి. ఆ హెచ్చరిక మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. పిల్లల తల్లి జోలికీ, చొంగ కారుస్తూ తూలే కుక్క జోలికీ అసలు పోవద్దు.

చేతికి అలవాటయ్యాక మొదటి పని రేబిస్ టీకా. లక్షణాలు బయటపడితే మనిషైనా, పశువైనా బతకడం దాదాపు అసాధ్యం. 3 నెలలు నిండిన కుక్కకు వేయించి, తర్వాత ఏటా వేయించాలి. 1885లో పాశ్చర్ తొలిసారి ఓ బాలుడికి ఈ టీకా వేయించిన జులై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అప్పుడే అడగండి.

మచ్చిక చేసేటప్పుడు పన్ను గాటు పడితే పసర్లు, సున్నం రాయకండి. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. రక్తం వచ్చిన గాయానికి సూదిమందుతోపాటు సీరం కూడా అవసరం. చిన్న గీరుడే కదా అని పిల్లలు ఇంట్లో చెప్పరు, మీరే చూసుకోవాలి.

గొలుసుకు తొందరపడొద్దు. తినే వేళ మెడకు వదులుగా గుడ్డపట్టీ కట్టి నాలుగు రోజులు అలవాటు చేయండి. కంచెకు దొంగచాటుగా కరెంటు పెట్టే పొరుగు రైతు ఉంటే (అది నేరమే అనుకోండి), రాత్రి కుక్కను వదిలే ముందు ఆయనతో ఓ మాట మాట్లాడండి.